పెద్దబడి, చిన్నబడి

ఇంగ్లిష్‌లో ఉన్నవి 26 అక్షరాలే అని చెబుతాం. పలక పట్టిన పిల్లలకు మాత్రం అవి 52. పెద్ద 'ఏ' వేరు, చిన్న 'ఏ' వేరు. పెద్ద 'జి'ని చూసి చిన్న 'జి'ని ఎవరూ ఊహించలేరు. పాతతరం మాస్టార్లు వీటిని పెద్దబడి, చిన్నబడి అనేవారు. తెలుగులో ఈ బాధ లేదు. 'అ' వాక్యం మొదట్లో వచ్చినా, మధ్యలో వచ్చినా, మనిషి పేరులో వచ్చినా ఒకటే 'అ'.

పుల్లలచెరువు అని తెలుగులో రాస్తే ఆరు అక్షరాలూ ఒకే వరసలో కూర్చుంటాయి. ఊరి పేరని చెప్పే గుర్తు వాటిలో ఎక్కడా లేదు. అదే పేరును ఇంగ్లిష్‌లో రాస్తే 14 అక్షరాలు పడతాయి. వాటిలో మొదటి 'పి' ఒక్కటి పెద్దది కావాలి. చిన్న 'పి' రాస్తే టీచరు ఎర్రసిరాతో సున్నా చుడుతుంది. ఎందుకమ్మా అని ఆ ఊరి బడిలో ఒకటో తరగతి పిల్ల అడిగితే, "పేరు కదా, పేరుకు పెద్దక్షరం పెట్టాలి" అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు తప్పు కాదు, కానీ అసలు సంగతి అది కాదు. పేరును గుర్తుపట్టే పని, వాక్యం మొదలును చూపే పని పెద్దక్షరానికి చాలా ఆలస్యంగా దొరికాయి. పని పుట్టకముందే, కొన్ని వందల ఏళ్ళ ముందే, అక్షరం ఉంది. మొదట్లో ఉన్నవి పెద్దక్షరాలు మాత్రమే. చిన్నవి తర్వాత వచ్చాయి.

రోము నగరంలో ట్రాజన్ చక్రవర్తి విజయస్తంభం క్రీ.శ. 113 నాటిది. దాని పీఠం మీద చెక్కిన లాటిన్ శాసనంలో ఉన్నవన్నీ పెద్దక్షరాలే, ఎందుకంటే అప్పటికి చిన్నక్షరాలు పుట్టలేదు. నిలువు గీత, అడ్డగీత, ఏటవాలు గీత, వృత్తంలో ముక్క. ప్రతి అక్షరం దాదాపు ఒకే ఎత్తులో, పైనా కిందా రెండు గీతల మధ్య ఇరుక్కుని ఉంటుంది. రాయి మీద ఉలితో చెక్కారు కాబట్టి ఆ గీతలు అంత నిటారుగా వచ్చాయని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలోని అయోవాకు చెందిన ఎడ్వర్డ్ క్యాటిచ్ అనే మతగురువు, సైన్‌బోర్డులు రాసిన అనుభవం ఉన్నవాడు, ఆ శాసనాన్ని దగ్గరగా పరిశీలించి మరో మాట చెప్పాడు: ముందు బల్లపరుపు కుంచెతో రాతి మీద రాశారు, ఉలి ఆ రాతను అనుసరించింది. గీతల చివర కనిపించే చిన్న చిన్న తోకలు కుంచె తిరిగిన గుర్తులు. 1968లో ఆయన ఈ వాదనను పుస్తకంగా అచ్చువేశాడు.

శాసనాలు సరే, రోజువారీ రాత సంగతేమిటి? రోము పిల్లలకూ పలకలుండేవి. చెక్కబిళ్ళ మీద మైనం పూసి, మొనదేలిన పుల్లతో గీసేవారు. ఉత్తరాలు పపైరస్ మీదో, పలుచటి చెక్కరేకుల మీదో సిరాతో రాసేవారు. ఇంగ్లండ్ ఉత్తరాన విండోలాండా అనే రోమన్ సైనిక స్థావరంలో 1973 నుంచి అలాంటి చెక్కరేకులు తవ్వకాల్లో బయటపడుతున్నాయి. వాటిలో ఒకటి క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆవిడ తన స్నేహితురాలిని పుట్టినరోజుకు రమ్మని పిలుస్తూ పంపిన ఉత్తరం. ట్రాజన్ స్తంభమూ ఈ ఉత్తరమూ ఇంచుమించు ఒకే కాలానివి, ఒకే లిపివి. కానీ స్తంభం మీది అక్షరాలను ఇవాళ ఎవరైనా గుర్తుపడతారు. ఉత్తరంలోవి చదవడానికి నిపుణులు సైతం కష్టపడాల్సి వచ్చింది. చెయ్యి తొందరలో ఉన్నప్పుడు అక్షరం ఎంత దూరం పోతుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

చెయ్యి తొందర అంటే ఏమిటో పలక మీదే చూడవచ్చు. పెద్ద 'ఈ' రాయండి. నిలువుగీత ఒకటి, బలపం ఎత్తి పైన అడ్డగీత, మళ్ళీ ఎత్తి మధ్యలో ఒకటి, మళ్ళీ ఎత్తి కింద ఒకటి. నాలుగు గీతలు, మూడుసార్లు ఎత్తడం. పొద్దుటి నుంచి రాత్రి దాకా పుస్తకాలకు నకళ్ళు రాసే లేఖకుడికి ఇది కుదరదు. నిలువుగీతను కింది అడ్డగీతతో కలిపేసి ఒక వంపుగా లాగాడు. పై గీత ఆ వంపులో కలిసిపోయింది. మధ్యగీత ఆ వంపును అంటుకుంది. చివరకు మధ్యగీత దగ్గర మొదలుపెట్టి, పైకెక్కి, ఎడమకు తిరిగి, కిందికి దిగితే చాలు, ఎత్తకుండా అక్షరం పూర్తవుతుంది. అదే చిన్న 'ఈ'. పెద్ద 'బి'కి రెండు పొట్టలుంటే, పై పొట్ట అరిగిపోగా మిగిలింది చిన్న 'బి'. ఇవన్నీ ఎవరో కూర్చుని కనిపెట్టినవి కావు. కొన్ని వందల ఏళ్ళ పాటు వేలమంది చేతుల్లో పడి అరిగిన రూపాలు. అరిగేకొద్దీ కొన్ని కాళ్ళు గీత కిందికి దిగాయి, కొన్ని తలలు పైకి లేచాయి. రెండు గీతల మధ్య ఉన్న లిపి నాలుగు గీతల లిపిగా మారింది. ఇంగ్లిష్ కాపీరైటింగుకు నాలుగు గీతల పుస్తకం కొనాల్సిరావడానికి మూలం ఇక్కడుంది.

ఎనిమిదో శతాబ్దం చివరకు పశ్చిమ యూరప్‌లో ఒక్కో మఠానిది ఒక్కో రాత. అప్పుడు షార్లమేన్ అనే రాజు ఏలుబడిలో ఒక శుభ్రమైన చిన్నక్షరాల రాత రూపుదిద్దుకుని మఠాలన్నిటికీ పాకింది. ఆ పనిలో పెద్దచెయ్యి ఇంగ్లండ్‌లోని యార్క్ నుంచి వచ్చిన ఆల్క్విన్ అనే పండితుడిదని చెబుతారు. 796 నుంచి 804లో చనిపోయేదాకా ఆయన ఫ్రాన్స్‌లోని టూర్ మఠానికి అధిపతి. ఇంత చేయించిన షార్లమేన్‌కు సరిగా రాయడం రాదు. పెద్ద వయసులో నేర్చుకోవాలని తలగడ కింద పలకలు పెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా అక్షరాలు దిద్దుకునేవాడని, ఆలస్యంగా మొదలుపెట్టడంతో పెద్దగా రాలేదని ఆయన జీవితచరిత్ర రాసిన ఐన్‌హార్డ్ చెప్పాడు. ఈ రాజంటే నాకు గౌరవం.

మన కథకు కీలకం ఇక్కడే. కొత్త చిన్నక్షరాలు వచ్చాక పాత పెద్దక్షరాలను వాళ్ళు పారెయ్యలేదు. పుస్తకం పేరు రోమన్ శాసనాల తరహా పెద్దక్షరాల్లో, అధ్యాయం మొదటి వరసలు ఇంకో పాత రాతలో, మిగతాదంతా చిన్నక్షరాల్లో రాశారు. ఎంత పాత లిపైతే అంత గౌరవం, అంత పైస్థానం. ఆ అలవాటే కిందికి జారుతూ వచ్చింది. మొదట పుస్తకం పేరుకు, తర్వాత అధ్యాయానికి, పేరాకు, చివరకు ప్రతి వాక్యం తొలి అక్షరానికి పాత రూపం వాడటం మొదలైంది.

1400 ప్రాంతంలో ఫ్లోరెన్స్ పండితులు పోజ్జో బ్రాచ్చొలీని, నిక్కొలో నిక్కొలి పాత లాటిన్ గ్రంథాలు వెతుకుతూ షార్లమేన్ కాలపు ప్రతులను చూశారు. అవే ప్రాచీన రోమన్ల రాత అనుకుని, ఆ చిన్నక్షరాలను ఆదర్శంగా తీసుకున్నారు. వాటి పక్కన నిలబెట్టడానికి పెద్దక్షరాలను నిజంగానే రోమన్ శాసనాల నుంచి తెచ్చారు. 1470లో వెనిస్‌లో నికొలా జెన్సన్ పోతపోయించిన సీసపు అక్షరాల్లో ఈ రెండూ ఒక జంటగా కుదిరాయి. వాటి మధ్య దాదాపు ఏడు వందల ఏళ్ళ తేడా ఉంది. కంపోజిటర్లు పెద్దక్షరాలను పై అరలో, చిన్నవాటిని కింది అరలో సర్దుకోవడంతో అప్పర్ కేస్, లోయర్ కేస్ అన్న పేర్లు నిలిచాయి.

ఇక మన వైపు చూద్దాం. నల్లమల అంచున, కంభం, మార్కాపురం చుట్టుపక్కల నేల కింద పొరలుపొరలుగా పలకరాయి ఉంది. కడప శిలాసముదాయంలో దీన్ని కంభం శ్రేణి అంటారు. ఉలి మొన పొర మీద సరిగా పెట్టి కొడితే ఆ రాయి తనంత తానే పలుచటి బిళ్ళలుగా విడిపోతుంది. బిళ్ళను కొలతకు కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్కచట్రం బిగిస్తే పలక. రేకు పలకలూ ప్లాస్టిక్ పలకలూ రాకముందు దేశంలో ఎన్నో రాష్ట్రాల పిల్లలు అక్షరం దిద్దింది ఈ మార్కాపురం రాయి మీదే. ఇంగ్లిష్ పెద్దబడీ, చిన్నబడీ, తెలుగు 'అ ఆ'లూ అన్నీ దాన్ని తాకే వెళ్ళాయి.

రాతి మీద తెలుగు రాత కూడా ఇక్కడ పాతదే. పుల్లలచెరువుకు పొరుగున త్రిపురాంతకంలో, త్రిపురాంతకేశ్వరుడి గుడిలో, కాకతీయుల కాలపు శాసనాలు చాలా ఉన్నాయి. రుద్రమదేవిని ఎదిరించిన కాయస్థ అంబదేవుడు తన విజయాలు చెప్పుకుంటూ 1290లో వేయించిన శాసనం అక్కడిదే. ఇప్పుడొక సంగతి గమనించండి. పుల్లలచెరువు బడిలో పెద్ద ఏబీసీడీలు నేర్చిన పిల్లను తీసుకెళ్ళి ట్రాజన్ స్తంభం ముందు నిలబెడితే, అర్థం తెలియకపోయినా ఒక్కో అక్షరాన్ని పేరుపెట్టి చదివేస్తుంది. ఆ రాతకు పంతొమ్మిది వందల ఏళ్ళు దాటాయి. అదే పిల్ల, తన ఊరికి దగ్గరలో, తన సొంత లిపిలో, అందులో సగం వయసు కూడా లేని త్రిపురాంతకం శాసనం ముందు నిలబడితే అక్షరాలు కూడబలుక్కోవడానికే కష్టపడుతుంది. కడప జిల్లా కలమళ్ళలో 575 నాటి రేనాటి చోళుల శాసనమైతే లిపి నేర్చిన పండితుడే చదవాలి.

తెలుగు లిపి కూడా లాటిన్ లిపి మారినంతగా మారింది. తేడా ఏమిటంటే, మనం మారినప్పుడల్లా పాత రూపాన్ని వదిలేశాం. తాటాకు మీద గంటంతో రాసేవాడి అక్షరం గుండ్రబడితే, రాతి మీద చెక్కేవాడి అక్షరమూ గుండ్రబడింది. నిలువుగా, అడ్డంగా గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి తెలుగు అక్షరాలు గుండ్రమయ్యాయని అంటారు. అందులో నిజం ఉండవచ్చు. కానీ త్రిపురాంతకంలో రాయి చీలే భయం లేదు గదా, అక్కడా అక్షరాలు వంపు తిరిగే ఉన్నాయి. రాయి గీతలను పుట్టిస్తుంది, ఆకు వంపులను పుట్టిస్తుంది అన్నది సగం మాటే. రాతి మీద ఏ రూపం నిలపాలో మనుషులే ఎంచుకున్నారు. యూరప్ తన రాజులకూ పండితులకూ రోము వారసులమనిపించుకోవాలని ఉండటం వల్ల పాత రూపాన్ని భద్రంగా దాచుకుంది. పెద్దక్షరం, నా దృష్టిలో, రోము మీద యూరప్ పెంచుకున్న భక్తి. తెలుగు రాజులు ఎవరి వారసులమని చెప్పుకున్నా, శాసనం మాత్రం తమ కాలపు జనం రాతలోనే వేయించారు.

మరి మొదలును మనవాళ్ళు ఎలా చూపించారు? మాటతో. శాసనం 'స్వస్తి శ్రీ' అంటూ ఎత్తుకుంటుంది. తాళపత్ర గ్రంథం 'అవిఘ్నమస్తు' అంటుంది. పెళ్ళిపత్రిక నెత్తిన 'శ్రీరస్తు శుభమస్తు' ఇప్పటికీ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అచ్చు వ్యాపించాక ఇంగ్లిష్ నుంచి కామా, ఫుల్‌స్టాప్, ప్రశ్నగుర్తు, కొటేషన్లు అన్నీ తెచ్చుకున్నాం. పెద్దక్షరాన్ని తెచ్చుకోలేదు, తెచ్చుకునే వీలూ లేదు. చుక్కను అరువు తెచ్చుకోవచ్చు గానీ, ప్రతి అక్షరానికీ రెండో రూపాన్ని అరువు తెచ్చుకోలేం. గుణింతాలతో, ఒత్తులతో తెలుగు కంపోజిటరు ముందున్న అరల్లో అప్పటికే కొన్ని వందల ముక్కలు.

పాత లిపి చేతిలో ఉన్నా అందరూ దాన్ని పెద్దక్షరంగా చేసుకోలేదు. జార్జియా దేశానికి తన ప్రాచీన లిపి ఉంది. గత శతాబ్దంలో అకాకి షనిడ్జే అనే భాషావేత్త దాన్ని పెద్దక్షరాలుగా వాడదామని ప్రయత్నించాడు. జనం తీసుకోలేదు. లాటిన్, గ్రీకు, రష్యన్ వాడే సిరిలిక్, ఆర్మేనియన్, మరి కొద్దిపాటి లిపులు తప్ప ప్రపంచంలో మిగతా లిపులకు పెద్దక్షరం అన్నదే లేదు. అరబిక్‌కు లేదు, చైనీస్‌కు లేదు, భారతీయ లిపుల్లో దేనికీ లేదు.

రెండు రూపాలు చేతిలో ఉన్నవాళ్ళు ఆ రెండోదానికి పనులు వెతికారు. ఆ వెతుకులాటలో ఒక్కో భాష ఒక్కో దారి పట్టింది. 1700 ప్రాంతపు ఇంగ్లిష్ పుస్తకం తెరిస్తే దాదాపు నామవాచకాలన్నిటికీ పెద్దక్షరాలు కనిపిస్తాయి. 1787 నాటి అమెరికా రాజ్యాంగం చేతిరాత ప్రతిలోనూ అంతే. ఆ శతాబ్దం చివరకు ఇంగ్లిష్ వాళ్ళు ఆ అలవాటు వదిలేశారు. జర్మన్లు నేటికీ వదల్లేదు, వాళ్ళ రాతలో చెంబుకూ పెద్దక్షరమే. డెన్మార్క్ 1948లో స్పెల్లింగ్ సంస్కరణ చేసి మానేసింది. 'నేను' అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ 'ఐ'ని ఎప్పుడూ పెద్దగా రాయడం వెనక అహంకారం ఉందని కొందరంటారు. చేతిరాత ప్రతుల్లో ఒంటరిగా నిలబడ్డ చిన్న గీత పక్క మాటలో కలిసిపోకుండా దాన్ని పొడవుగా లాగారన్నదే దానికి సరైన వివరణ. సోమవారానికి, జనవరికి చిన్నక్షరం రాస్తే మన పిల్లలకు మార్కు పోతుంది. ఫ్రెంచ్ పిల్లలకు పెద్దక్షరం రాస్తే పోతుంది. ఇది మన టీచర్లు పిల్లలకు చెప్పాలి. ఇది ప్రకృతి సూత్రం కాదు, ఒక భాషవాళ్ళ కట్టుబాటు అని తెలిస్తే, తప్పు రాసిన పిల్ల తనకు బుర్ర లేదని కుంగిపోదు. నాకు ఈ విషయం మీద పట్టుదల ఎక్కువ. ఇంగ్లిష్ మాధ్యమంలోకి అడుగుపెట్టే పల్లె పిల్లలకు మొదట తగిలే దెబ్బల్లో ఇదొకటి.

బ్యాంకు ఫారం మీద 'క్యాపిటల్ లెటర్స్‌లో నింపండి' అన్న మాట ఇంకో సంగతి. అక్కడ పెద్దక్షరం పాత రోమన్ గుణానికి తిరిగి వెళుతుంది. ఒకే ఎత్తు, కలవని గీతలు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. పాస్‌పోర్టు అడుగున మెషీన్ చదివే రెండు వరసల్లో పెద్దక్షరాలూ అంకెలూ తప్ప చిన్నక్షరానికి చోటు లేదు. బండి నంబరు ప్లేటూ అంతే. 2013 జులైలో మన దేశంలో ఆగిపోయేదాకా టెలిగ్రామ్‌లు కూడా పెద్దక్షరాల్లోనే వచ్చేవి. ఒక్కో అక్షరాన్ని విడిగా గుర్తుపట్టడానికి ఇది మేలు. పేజీలకు పేజీలు చదవడానికి మాత్రం కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మైల్స్ టింకర్ ప్రయోగాల్లో, అంతా పెద్దక్షరాల్లో ఉన్న పాఠాన్ని జనం పదో వంతుకు పైగా నెమ్మదిగా చదివారు. చిన్నక్షరాల మాటకు తలలూ కాళ్ళూ ఉండి ఒక ఆకారం ఏర్పడటం వల్ల అని మొదట అనుకున్నారు. కంటికి ఉన్న అలవాటుకు పెద్దపాలు ఇవ్వాలని తర్వాతి పరిశోధకులు వాదించారు. తెలుగు మాటకు పైన గుడులూ కొమ్ములూ, కింద ఒత్తులూ ఎటూ ఉన్నాయి. ఎత్తుపల్లాల కోసం మనకు రెండో లిపి అవసరం పడలేదు.

1874లో అమ్మకానికి వచ్చిన తొలి రెమింగ్టన్ టైప్‌రైటర్‌కు పెద్దక్షరాలు మాత్రమే కొట్టడం తెలుసు. 1878 నాటి రెండో మోడల్‌లో షిఫ్ట్ మీట వచ్చింది. ఒకే మీటకు రెండు రూపాలు. కంప్యూటర్లకు 1960లలో ఆస్కీ అనే సంకేతపట్టిక తయారుచేసినప్పుడు పెద్ద 'ఏ'కు 65, చిన్న 'ఏ'కు 97 ఇచ్చారు. తేడా 32. ద్విసంఖ్యల్లో చూస్తే ఒక్క బిట్ మాత్రమే. రోమన్ శిల్పికీ షార్లమేన్ లేఖకుడికీ మధ్య ఉన్న ఏడు వందల ఏళ్ళు యంత్రంలో ఒక సున్నా ఒకటిగా మారడమంత.

ఆ ఒక్క బిట్‌ను తెలుగువాళ్ళు వాడుకున్న తీరు నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే ఇష్టం. 1990ల మొదట్లో కంప్యూటర్లో తెలుగు రాసే సాధనాలు మామూలు జనానికి అందుబాటులో లేవు. అమెరికాలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాని పేరు ఆర్‌టీఎస్. తెలుగు ధ్వనులకు 26 అక్షరాలు చాలవు. 52 ఉంటే చాలావరకు సరిపోతాయి. చిన్న 'టి' అంటే త, పెద్ద 'టి' అంటే ట. చిన్న 'ఎల్' ల, పెద్ద 'ఎల్' ళ. చిన్న 'ఎన్' న, పెద్ద 'ఎన్' ణ. 'పాత'కూ 'పాట'కూ, 'కల'కూ 'కళ'కూ తేడా షిఫ్ట్ మీటలో ఉంది. వాక్యం చిన్నక్షరంతో మొదలుకావచ్చు, మాట నడుమ పెద్దక్షరం లేవవచ్చు. ఇంగ్లిష్ తన చరిత్రంతటిలో పెద్దక్షరానికి ఇవ్వని పని, నాలుకను పైకి మడిచి పలకమని చెప్పే పని, మనవాళ్ళు ఇచ్చారు. తర్వాత వీవెన్ తయారుచేసిన లేఖిని అనే సాధనం ఇదే పద్ధతిని ఇంటర్నెట్‌లో వేలమందికి అలవాటు చేసింది. భారతీయ భాషలకు ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులోనూ 'కే' మీట నొక్కితే క, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ఖ.

పెద్దక్షరం లేకపోవడం మనకు నష్టం చేసే చోటు ఒకటుంది. రాతలో మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, సంస్థల పేర్లు ఏవో కంప్యూటర్ తనంత తాను పట్టుకోవాలంటే, ఇంగ్లిష్‌లో పెద్దక్షరమే మొదటి ఆధారం. తెలుగులో ఆ ఆధారం లేదు. 2008 జనవరిలో హైదరాబాదులో దక్షిణాసియా భాషల్లో పేర్లను గుర్తించే సమస్య మీదే పరిశోధకులు ఒక సదస్సు పెట్టుకున్నారు. హిందీ, బెంగాలీ, ఒడియా, ఉర్దూలతో పాటు తెలుగు కూడా అందులో ఉంది. 'శాంతి వచ్చింది' అన్న వాక్యం ఇస్తే యంత్రం ఏమనుకోవాలి? యుద్ధం ఆగిందా, పక్కింటి అమ్మాయి ఇల్లు చేరిందా? కరుణ, విజయ, జ్యోతి, రాజు, అన్నీ మాటలే, అన్నీ పేర్లే.

అందుకని మన యంత్రాలకు వేరే ఆనవాళ్ళు నేర్పాలి. పేరు వెనక 'గారు' ఉందా, ముందు 'శ్రీమతి' ఉందా, ఇంటిపేరు పొడి అక్షరంగా చుక్కతో నిలబడిందా అని చూడమంటారు. ఊళ్ళకైతే తోకలు చూస్తారు: పల్లి, పాలెం, కొండ, పురం, పాడు, చెరువు. మార్కాపురం, తర్లుపాడు, గజ్జలకొండ, యర్రగొండపాలెం ఈ పరీక్షలో తేలిగ్గా గట్టెక్కుతాయి. పుల్లలచెరువు మాత్రం గట్టెక్కీ ఎక్కనట్టుంటుంది. 'పుల్లలచెరువులో నీళ్ళు లేవు' అన్న వాక్యంలో ఎండింది ఊరి కుళాయిలా, చెరువా అన్నది తోక చెప్పదు. ముందు వాక్యంలో ట్యాంకర్ అన్న మాట ఉందా, పూడిక అన్న మాట ఉందా అని వెతకాలి. ఆ వెతకడం యంత్రానికి నేర్పాలంటే, తెలుగు రాత కొన్ని లక్షల వాక్యాలు దాని ముందు పెట్టి, ఏది ఊరో ఏది చెరువో తెలుగు తెలిసిన మనిషి ఒక్కొక్కటిగా గుర్తుపెట్టి ఇవ్వాలి.